నోటితో నేర్పిన దరువు

శాంతయ్య పెదనాన్నకు మూడు రోజులుగా చలిజ్వరం. రెండు గోనెపట్టాలు కప్పినా మంచం ఊగిపోయేలా వణుకుతున్నాడు. ఆ పొద్దున కృష్ణయ్య గారి పాలేరు మా గూడెంలోకి వచ్చి, గుమ్మానికి పది బారల దూరంలోనే నిలబడి, దొరగారి తల్లి పోయిందని, పలక తీసుకుని రమ్మన్నారని కేకేశాడు.

మా పెద్దమ్మ ఆదెమ్మ బయటికి వచ్చింది. "మనిషి లేవలేకుండా ఉన్నాడు. ఈ ఒక్కసారికి వదిలెయ్యమని చెప్పు," అంది.

"ఆ మాట నేను చెప్పలేను. పలక ముందు నడవకుండా శవం ఎట్టా లేస్తుంది? రమ్మను," అని పాలేరు అక్కడే గొంతుక్కూర్చున్నాడు.

అది 1952. వత్సవాయి వెళ్లే దారిలో ఉన్న మా ఊరి మెరక పొలాల్లో సగం కృష్ణయ్య గారివే. ఊరికి పడమటి పక్కన మా మాదిగ గూడెం. పలక అంటే డప్పే, మావైపు అలాగే అనేవాళ్లం. ఊళ్లో ఎవరింట చావు జరిగినా, జాతర జరిగినా, దండోరా వెయ్యాల్సి వచ్చినా గూడెం నుంచి పలక వెళ్లాలి. ఒంట్లో ఎలా ఉందని అడిగేవాళ్లు లేరు. అది వెట్టి. తాతల నాటి నుంచి వస్తున్న వెట్టి.

పెదనాన్న లేచాడు. పెద్దమ్మ అడ్డం నిలబడితే పక్కకు జరిపి, చూరులో ఉన్న పలక తీసుకున్నాడు. మిట్టమధ్యాహ్నం మొదలుపెట్టి పొద్దు వాలేదాకా వాగు గట్టు వరకూ శవం ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ వాయించాడు. చితి అంటించాక అక్కడే పడిపోయాడు. ఊరివాళ్లెవరూ ముట్టుకోలేదు. మా వాళ్లు వెళ్లి తడిక మీద మోసుకొచ్చారు. నాలుగో రోజున చనిపోయాడు.

మర్నాడు కృష్ణయ్య గారింటి నుంచి ఒక గంప నిండా జొన్నలు వచ్చాయి. పెద్దమ్మ ఆ గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లోకి నడిచింది. నాకప్పుడు పన్నెండేళ్లు. మా అమ్మ నా చిన్నప్పుడే పోతే ఈ పెద్దమ్మే నన్ను పెంచింది. ఆమె కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. కృష్ణయ్య గారు అరుగు మీద కూర్చుని పేపరు చదువుతున్నారు.

"ఇవి మీ అమ్మగారిని సాగనంపినందుకు పంపారా అయ్యా, మా ఆయన్ని సాగనంపినందుకు పంపారా?" అని అడిగింది పెద్దమ్మ.

ఆయన తల ఎత్తలేదు. పెద్దమ్మ గంప బోర్లించింది. అరుగు ముందంతా జొన్నలు చెల్లాచెదురయ్యాయి. మేం వీధి మలుపు తిరిగేసరికి కోళ్లు వచ్చి ఏరుకుని తింటున్నాయి.

ఆ రోజు నుంచి ఆమె ఏడవడం నేను చూడలేదు. కోపమే చూశాను. పదిహేనేళ్లు చూశాను.

ఆదెమ్మది చిల్లకల్లు. బాప్తిస్మంలో రిబ్కా అని పేరు పెట్టారు గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. వాళ్ల నాన్న చుట్టుపక్కల పన్నెండు ఊళ్లకు పలకలు కట్టి ఇచ్చేవాడు. మగపిల్లలు లేరు. అందుకని తోలు సున్నంలో నానబెట్టడం, బొచ్చు గీకడం, వేపచెక్క చట్రానికి తోలు సాగదీసి సన్నటి తోలువారు పోసి కట్టడం, మంట దగ్గర కాచి గొంతు తేల్చడం అన్నీ కూతురికే నేర్పాడు. ఒక్క వాయించడం తప్ప. ఆడది పలక భుజాన వేసుకోకూడదని గూడెం కట్టుబాటు. ఆమె కట్టిన పలక ఆమె వాయించడానికి లేదు. దాంతో దరువులన్నీ చెవితో పట్టి నోట్లో దాచుకుంది. పెళ్లి దరువు, జాతర దరువు, దండోరా దరువు, చావు దరువు, ఎద్దుల్ని ఉసిగొలిపే దరువు, మొత్తం ఇరవై ఆరు ఆమెకు నోటికి వచ్చు. పెదనాన్న తప్పు వాయిస్తే పొయ్యి దగ్గర నుంచే అరిచేది.

పెదనాన్న పోయాక గూడెంలో వాయించేవాళ్లు మిగల్లేదు. వయసు పిల్లలకు పలక అంటే చెప్పలేనంత సిగ్గు. బడిలో పంతులు కూడా తిట్టాల్సి వస్తే "పలక కొట్టుకోవడానికే పనికొస్తావురా" అనే తిట్టేవాడు. వాళ్లలో ఇశ్రాయేలు పదేళ్లకే జీతానికి కుదిరి కృష్ణయ్య గారి గొడ్ల దగ్గర ఉన్నాడు. స్తెఫను ఎనిమిదో తరగతి దాకా చదివి, ఆపైన చదివించే దిక్కులేక ఊరికే తిరుగుతున్నాడు. మిగతావాళ్లు పని దొరికితే కూలికి, దొరక్కపోతే కల్లు పాక దగ్గరికి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల కుర్రాళ్లు. పొద్దున లేచి ఎందుకు లేచామో తెలియని బతుకు.

1954లో పెనుగంచిప్రోలు తిరనాళ్లకు కృష్ణయ్య గారి కొడుకు భవానీప్రసాద్ ప్రభ కట్టించాడు. ప్రభబండి ముందు పలకలు ఉండాలి కదా. శాంతయ్య లేకపోతే ఏం, వాళ్ల కులంలో పుట్టినవాడు ఎవడైనా వాయిస్తాడనుకున్నాడు. ఇశ్రాయేలును, మరో ముగ్గురిని గొడ్ల చావిడి నుంచి పట్టుకుపోయి మెడల్లో పలకలు తగిలించారు. వాళ్లకేం వచ్చు? నలుగురూ నాలుగు రకాలుగా బాదారు. పక్క ఊళ్ల ప్రభలు గణగణ మోగుతూ దాటిపోతుంటే వీళ్లను చూసి జనం నవ్వారు. భవానీప్రసాద్‌కు తల కొట్టేసినట్టయింది. చెర్నాకోల తీసుకుని ఇశ్రాయేలు చేతుల మీద కొట్టాడు. కుడిచేతి చూపుడువేలు ఎముక విరిగింది.

సాయంత్రం వాణ్ణి తీసుకొచ్చి మా ఇంటి ముందు కూర్చోబెట్టారు. పెద్దమ్మ పసుపు, సున్నం కలిపి పట్టు వేసి, వెదురు బద్దతో వేలు కట్టింది. కట్టడం అయ్యాక చుట్టూ మూగిన కుర్రాళ్ల వంక చూసింది.

"వాడు కొట్టాడు. కొడతాడు, వాడి సంగతి నాకు తెల్సు. మీ సంగతే నాకు అర్థం కావట్లా. రాని పని మెళ్లో ఏస్తే ఏసుకుని ఎట్టా పోయార్రా?"

"రానంటే ఊరుకుంటారా అత్తా?" అన్నాడు ఇశ్రాయేలు.

"పోయినా ఊరుకోలేదుగా. పని వచ్చినోడు రానంటే అది రాకపోవటం. రానోడు రానంటే అది చేతకాకపోవటం. ముందు నేర్చుకోండి. ఎవరి ముందు వాయించాలో తర్వాత మనం తేలుద్దాం."

అలా మొదలైంది. మొత్తం తొమ్మిది మంది వచ్చారు. ఆదివారం మధ్యాహ్నాలు, జీతగాళ్లకు వీలైన సాయంత్రాలు, ఎండిపోయిన వాగు ఇసుకలో కూర్చునేవాళ్లు. ఆర్నెల్లు ఎవరి చేతికీ పుల్ల ఇవ్వలేదు. ఆమె నోటితో "డగ డండం, డగ డగ డండం" అంటుంటే వాళ్లు తొడల మీద కొట్టుకోవాలి. తప్పితే తంగేడు బరికెతో మోకాలి మీద ఒక్కటి అంటించేది. బుజ్జగింపు ఆమెకు తెలియదు. "మీ నాన్న తొందరపడి చచ్చాడు, నువ్వు దరువులో తొందరపడుతున్నావు" అని మొహాన అనేసేది. ఆ మాట పడ్డవాడు రెండు వారాలు రాలేదు. మూడో వారం వచ్చి వెనక కూర్చున్నాడు.

తర్వాత ఎవరి పలక వాళ్లే కట్టుకోవాలంది. తోలు శుభ్రం చేసే తొట్టి దగ్గర స్తెఫను వాంతి చేసుకున్నాడు.

"ఎనిమిది చదివా అత్తా. ఈ కంపులో చెయ్యి పెట్టమంటావేంటి?"

"వాళ్ల కాలికి చెప్పు కావాలి, వాళ్ల మోటకి తోలు బాన కావాలి. చెప్పు వాళ్లకి, కంపు మనకి. ఇదెక్కడి పంపకంరా అని నిలబడి అడగాలంటే ఆ పని నీ చేతిలో ఉండాలి. నీకు పని రాకపోతే నువ్వు అడిగేదేంటి, వాళ్లు వినేదేంటి?"

స్తెఫను ముక్కుకు తువ్వాలు కట్టుకుని చెయ్యి పెట్టాడు. వాడు కట్టిన పలకే తొమ్మిదింటిలోకి గొప్పగా పలికింది. ఇశ్రాయేలు వేలు మళ్లీ వంగలేదు. పలకకి రెండు పుల్లలు, కుడిచేతికి లావుది, ఎడమచేతికి సన్నది. ఆ లావు పుల్ల వాడు కుడిచేత్తో పట్టుకోలేకపోయాడు. పెద్దమ్మ వాడికి పుల్లలు చేతులు మార్చి, దరువులన్నీ ఎడమచేతి వాటంగా మొదటి నుంచి మళ్లీ నేర్పింది. దానికి పదమూడు నెలలు పట్టింది.

ఏడాది తిరిగేసరికి కల్లు పాక దగ్గర ఆ తొమ్మిది మందిలో ఇద్దరే కనిపించేవాళ్లు. మిగతావాళ్లు పని నుంచి వస్తూనే వాగు దారి పట్టేవాళ్లు. వాళ్ల నడకే మారింది. ఆమె పెట్టిన కట్టుబాటు ఒకటుండేది: "మన పెళ్లిలో వాయిస్తాం, మన శవం ముందు వాయిస్తాం. ఊళ్లోవాళ్లకి కావాలంటే వడ్రంగిని పిల్చినట్టు పిలవాలి. 'ఏరా' అంటే పలక పలకదు."

ఊరి మీద కోపం సరే, ఆమె మా గుడితోనూ తగవు పడాల్సి వచ్చింది. మా గూడెం గుడికి ఏలీయా గారని పాస్టరు. ఆయనా మా కులమే, నందిగామ వైపు నుంచి వచ్చినవాడు. నియమాల మనిషి. పిల్లల్ని బడికి పంపకపోతే ఇంటికొచ్చి తిట్టేవాడు. నేను చదువుకున్నానంటే ఆయన చలవే. అలాంటి మనిషికి పలక పేరెత్తితే ఒళ్లు మండేది. 1955 ఈస్టరుకు ముందు ఆదివారం ప్రసంగం ముగించి, గూడెంలో పలకలన్నీ తెచ్చి గుడి ముందు వెయ్యమన్నాడు. తగలబెడతానన్నాడు.

"అది బానిస చప్పుడు. దయ్యాల జాతరలో మోగిన చప్పుడు. మనం దాని నుంచి బయటపడ్డాం. మళ్లీ పిల్లల మెడలో వేస్తే నేనొప్పుకోను," అన్నాడు.

ఆడవాళ్ల వైపు నుంచి పెద్దమ్మ లేచి నిలబడింది. "వాక్యంలో తంబురలున్నయ్యి, తాళాలున్నయ్యని మీరే చదివారు అయ్యగారూ. ఆ తంబురలూ తోలు బిగించిన పలకల్లాంటియ్యేగా, ఏ తోలుతో కట్టారో చెప్పండి."

ఏలీయా గారి మొహం నల్లబడింది. "పలక వదిలేదాకా నువ్వు ప్రభు బల్లకు రావద్దు ఆదెమ్మా, గుమ్మం దాటి లోపలికే రావద్దు," అన్నాడు.

పలక వదలలేదు. గుడికి రావడమూ మానలేదు. ప్రతి ఆదివారం తెల్లచీర కట్టుకుని వచ్చి బయట చూరు కింద కూర్చునేది. వాన పడితే తడిసేది. లోపల పాట అందుకుంటే బయట నుంచి అందరికంటే గట్టిగా పాడేది. అలా దాదాపు మూడేళ్లు కూర్చుంది. నేను లోపల కూర్చుని పాడలేకపోయేదాన్ని. పాస్టరు గారి మీద కోపం, ఆమె మొండితనం మీద కోపం, లేచి ఆమె పక్కకు వెళ్లి కూర్చోలేని నా మీద మరీ కోపం.

1957 చలికాలంలో మా ఊరికి జీవరత్నం అనే కొత్త గ్రామసేవక్ వచ్చాడు. ఖాకీ నిక్కరు, సైకిలు, చేతిలో ఎప్పుడూ ఏవో కరపత్రాలు. పల్లెటూళ్ల పేద యువకులకు ఏదైనా చేయాలని నిజంగా అనుకున్న మనిషి. వాగులో మా వాళ్లు వాయించడం విని సైకిలు దిగి గంటసేపు నిలబడ్డాడు. నందిగామలో యువజనోత్సవం జరుగుతోందనీ, పై అధికారులు వస్తున్నారనీ, గ్రామాల పాతకాలపు విద్యలు వేదిక మీద చూపించాలనీ, మా వాళ్లను తీసుకెళ్తాననీ చెప్పాడు.

"ఏదిక మీదేనా?" అని పెద్దమ్మ రెండుసార్లు అడిగింది.

"వేదిక మీదే అండీ. ఇదిగో, కార్యక్రమంలో అచ్చు వేశారు," అని కాగితం చూపించాడు. నేను చదివి వినిపించాను. 'డప్పు వాద్యం, పదిహేను నిమిషాలు' అని ఉంది.

చిల్లకల్లు దాకా నడిచి, అక్కడ ఉత్సవం వాళ్లు పంపిన లారీ ఎక్కి వెళ్లాం. తొమ్మిది మంది, పెద్దమ్మ, నేను. ఉతికిన పంచెలు, కొత్తగా కాచిన పలకలు. స్తెఫను తన పలక చట్రానికి ఆముదం రాసి నిగనిగలాడేలా తుడిచాడు.

నందిగామలో దిగగానే బ్యాడ్జీ పెట్టుకున్న కమిటీ పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చాడు. "వచ్చారా, మంచిది. ఊరేగింపు ఇప్పుడే బయల్దేరుతుంది. ముందు నడవండి. పందిరి దాకా వాయించి, అటునుంచి అటే వెనక్కి వెళ్లిపోండి. మీకు భోజనాలు డేరాల వెనక పెట్టించాం," అన్నాడు.

జీవరత్నం కాగితం తీశాడు. "వీళ్లది వేదిక కార్యక్రమం అండీ. అచ్చులో ఉంది."

"అచ్చులో లక్ష ఉంటాయి. వేదిక మీద దీపం వెలిగిస్తారు, ప్రార్థన చేస్తారు. చెప్పులు కూడా విడిచి ఎక్కుతున్నాం. దాని మీదకి చచ్చిన గొడ్డు తోలు ఎక్కిస్తావా?"

పందిరిలో అప్పటికే ఎవరో మృదంగం శ్రుతి చేసుకుంటున్నారు. ఆ చప్పుడు మాకు వినిపిస్తూనే ఉంది. పెద్దమ్మ అటు చెయ్యి చూపించింది.

"ఆ మద్దెల దేంతో కట్టారు బాబూ? గుమ్మడికాయతోనా?"

ఆయన జీవరత్నం వైపు తిరిగి "ఈ ఆడమనిషిని ఎందుకు తెచ్చావయ్యా?" అన్నాడు.

పెద్దమ్మ వెనక్కి తిరిగి మా వాళ్లతో ఒకటే మాట అంది. "పలకలు కింద పెట్టండి. కూర్చోండి."

రోడ్డు మధ్యలో తొమ్మిది పలకలు వరసగా పెట్టి, వాటి వెనక కూర్చున్నాం. ఊరేగింపు వచ్చి ఆగింది. అధికారులు మెడల్లో దండలతో నిలబడ్డారు. ఎవరో తిట్టారు. ఒక కానిస్టేబుల్ లాఠీ కొనతో స్తెఫను పలకను పొడిచాడు. తోలు చిరిగింది. ఆ చిరిగిన చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. స్తెఫను లేవబోయాడు. పెద్దమ్మ వాడి భుజం మీద చెయ్యి వేసి నొక్కింది. చివరికి ఊరేగింపును పక్క వీధిలోంచి మళ్లించారు. మా వంక చూడకుండా ఒక్కొక్కరే దాటిపోయారు.

ఆ తర్వాత బజార్లో, బస్సులు ఆగే చోట, ఎనిమిది పలకలతో మా వాళ్లు వాయించారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ ఆపలేదు. జనం మూగారు. ఇరవై ఆరు దరువుల్లో చావు దరువు తప్ప అన్నీ వాయించారు. స్తెఫను చిరిగిన పలక చంకన పెట్టుకుని నిలబడి నోటితో దరువు అందించాడు. తిరిగి వెళ్లడానికి లారీ ఇవ్వలేదు. చిల్లకల్లు దాకా నడిచి, పెద్దమ్మ పుట్టింట్లో పడుకుని, మర్నాడు ఊరు చేరాం. జీవరత్నాన్ని నెల తిరక్కుండా ఎక్కడికో బదిలీ చేశారు. వెళ్లేముందు వచ్చి పెద్దమ్మకు దణ్ణం పెట్టాడు. "నన్ను క్షమించండి" అన్నాడు. "నువ్వు అబద్ధం చెప్పలేదు నాయనా, నీకు చెప్పారు," అంది ఆమె.

సంగతి మాకంటే ముందే ఊరు చేరింది. గూడెం నుంచి ఎవరినీ పనికి పిలవొద్దని భవానీప్రసాద్ ఊళ్లో అందరికీ చెప్పాడు. జీతగాళ్లను పంపించేశారు. మిరపకాయ కోతల రోజులు, పొలాల నిండా పని. మా వాళ్లకు మాత్రం లేదు. కుర్రాళ్లు జగ్గయ్యపేట పక్కన నాపరాళ్ల క్వారీల్లో పనికి పోయారు. గూడెంలో కొందరు ముసలాళ్లు పెద్దమ్మను తిట్టారు. ఆమె పౌరుషానికి పిల్లలు పస్తులుంటున్నారన్నారు. అది నిజమే. ఆమె కాదనలేదు. తన గిన్నెలో ఉన్నది కూడా పంచి, తిట్లు విని, మళ్లీ తొట్టి దగ్గరికి పోయేది.

ఒక శనివారం భవానీప్రసాద్ గుడి దగ్గరికి వచ్చాడు. నేను లోపల చాపలు దులుపుతున్నాను. పాస్టరు గారిని బయటికి పిలిచి మాట్లాడాడు.

"ఆ డప్పులన్నీ తగలబెట్టించాలని నువ్వే అన్నావంటగా. ఆ పని కానివ్వు. ఆ ముండని గూడెం నుంచి పంపించు. సోమవారం నుంచి అందర్నీ పనిలోకి రానిస్తా."

ఏలీయా గారు ఒప్పుకుంటాడనే అనుకున్నాను. ఆయన గుడి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"నేను తగలబెట్టమన్నది మీ ముందు వాయించకూడదని. మీరు తగలబెట్టమంటున్నది మీ ముందు వాయించట్లేదని. ఆ రెండూ ఒకటి కాదు అయ్యా. మీరెళ్లండి."

మర్నాడు ఆరాధన మొదలుపెట్టకముందే ఆయన బైబిలు బల్ల మీద పెట్టి, గుమ్మం దాటి చూరు కిందికి వెళ్లాడు. అందరూ మెడలు తిప్పి చూశాం.

"లోపలికి రా ఆదెమ్మా."

"పలక వదల్లా అయ్యగారూ."

"తెలుసు. మా నాన్న కూడా వాయించేవాడు. ఒకరోజు తాగించి, దొరల పిల్లలు ఆయన వీపెక్కి స్వారీ చేశారు. నా కళ్లముందే. ఆయన పోయినరోజు ఆ పలక నేనే పొయ్యిలో పెట్టా. పలకని కాలిస్తే సరిపోతుందనుకున్నా."

పెద్దమ్మ లేచింది. "మూడేళ్లు వానలో కూర్చోబెట్టారు. అది నేను మర్చిపోను. ప్రభువు దగ్గర కూడా చెప్పుకుంటా," అని లోపలికి వచ్చి ముందు వరసలో కూర్చుంది. ఆయన తల వంచుకుని వెనకే వచ్చాడు. ఆ రోజు ప్రభు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం మొదట ఆమెకే ఇచ్చాడు.

కథ ఇక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు.

ఆ మే నెలలో క్వారీలో రాతిపొర జారి స్తెఫను మీద పడింది. శవాన్ని చూపించలేని స్థితిలో గోనెలో చుట్టి బండి మీద తెచ్చారు. ఇరవై మూడేళ్లు. తొమ్మిది మందిలోకి మంచి చెయ్యి వాడిది. ఊళ్లో పని ఆపకపోతే వాడు క్వారీకి పోయేవాడు కాదు. నందిగామలో ఆ వేదిక ఎక్కనిచ్చి ఉంటే ఊళ్లో పని ఆగేది కాదు. ఈ లెక్క నేను ఎన్నిసార్లు వేసుకున్నానో. ఎవరి పేరు రాయాలో ప్రతిసారీ తెలుస్తూనే ఉంటుంది, ఎవరికీ శిక్ష పడదు.

శవం లేచేటప్పుడు మా వాళ్లు ఎనిమిది మందీ పలకలు తీసుకున్నారు. ఎవరికీ చెయ్యి ఆడలేదు. ఇశ్రాయేలు పుల్ల ఎత్తి దించేశాడు. పెద్దమ్మ ఇంట్లోకి వెళ్లింది. చిరిగిన తోలు తీసేసి ఆమె మళ్లీ కట్టిపెట్టిన స్తెఫను పలక దండేనికి వేలాడుతోంది. దాన్ని తీసి భుజాన వేసుకుని బయటికొచ్చింది. గూడెం పెద్ద ఒకాయన "ఆదెమ్మా, ఆడదానివి" అన్నాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన పక్కకు జరిగాడు.

అంతకుముందు ఆమె చేతిలో పుల్ల చూసినవాళ్లు లేరు. మొదటి దెబ్బ పడగానే ఏలీయా గారు కళ్లు మూసుకున్నాడు. ముప్పై ఏళ్లు నోట్లో దాచుకున్నదంతా చేతుల్లోకి వచ్చింది. శవం ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ సమాధుల దొడ్డి దాకా వాయించింది. సగం దారిలో ఇశ్రాయేలు ఎడమచేత్తో అందుకున్నాడు. తర్వాత మిగతావాళ్లు. ఆ చావు దరువులో ఏడుపు లేదు. ఎవరినో నిలదీస్తున్నట్టు ఉంది. దారి ఊరి చివరి ఇళ్ల పక్కనుంచి పోతుంది. ఆ ఇళ్ల తలుపులు మూసుకున్నాయి.

1960లో కృష్ణయ్య గారు చనిపోయారు. ముందు పాలేరు వచ్చాడు. ఎవరూ కదల్లేదు. తర్వాత ఊరి పెద్ద ఒకాయన వచ్చాడు. ఆఖరికి భవానీప్రసాదే గూడెం మొదట్లోకి వచ్చి నిలబడ్డాడు. పెద్దమ్మ తోలు గీకుతూ లేవలేదు.

"ఏం కావాలో అడుగు, ఇస్తా," అన్నాడు.

"నాకేం వద్దయ్యా. 'మా నాన్న పోయాడు, వస్తారా' అని అడుగు. వస్తారా అను, వస్తాం."

ఆయన పెదాలు కదిలాయి. నేను నీళ్ల కుండ దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. అనలేకపోయాడు. కన్నతండ్రి శవం ఇంట్లో పెట్టుకుని, 'రండి' అనగలిగాడేమో గానీ 'వస్తారా' అనలేకపోయాడు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. జగ్గయ్యపేట నుంచి బ్యాండు తెప్పించారు.

నేను ట్రైనింగు అయి జగ్గయ్యపేట దగ్గర టీచరుగా చేరాను. పెద్దమ్మ గూడెంలోనే ఉంది. తర్వాత వచ్చిన కుర్రాళ్లకు, అడిగిన ఇద్దరు ఆడపిల్లలకు కూడా నేర్పింది. ఇశ్రాయేలు పలకలు కట్టడంలో ఆమె అంతవాడయ్యాడు. ఖమ్మం వైపు నుంచి కూడా వచ్చి చేయించుకునేవాళ్లు. 'ఇశ్రాయేలు గారూ' అని పిలిచేవాళ్లకే చేసేవాడు. ముగ్గురు రోడ్డు పనుల్లో మేస్త్రీలయ్యారు. ఇద్దరు మళ్లీ కల్లులో పడ్డారు. వాళ్లను ఆమె చివరిదాకా తిడుతూనే ఉంది.

1967 శ్రావణంలో, ఉబ్బసం ముదిరి పెద్దమ్మ పోయింది. వాయించినవాళ్లు ముప్పై మంది దాకా ఉన్నారు. మరుసటి వారం చావు నమోదు చేయించడానికి మునసబు దగ్గరికి వెళ్లాను. ఆయన పేరు రాసుకున్నాడు, వయసు రాసుకున్నాడు, వృత్తి దగ్గర నన్నడక్కుండానే 'కూలి' అని రాశాడు.

"కూలి కాదండి. పలకలు కట్టేది. నలభై మందికి నేర్పింది. గురువు అని రాయండి," అన్నాను.

ఆయన నవ్వాడు. "మీరు చదువుకున్నారు, మీకు తెలియంది ఏముంది. అట్టాంటి వృత్తి ఈ పుస్తకంలో లేదమ్మా. పైవాళ్లు ఒప్పుకోరు."

"మృదంగం నేర్పినాయన పోతే ఏం రాస్తారు?"

ఆయన కలం ఆపి నా వైపు చూశాడు. సంతకం కోసం పుస్తకం నా వైపు తిప్పాడు. కింద సంతకం పెట్టకుండా లేచి వచ్చేశాను. ఆ గడిలో కూలి అనే ఉంది, ఇప్పటికీ.